ఎవరిని ఎవరు కాయాలి?

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది. ఆ గోల్‌కు దారిచ్చిన ఖాళీ ఎక్కడ ఏర్పడింది, దాన్ని మూయాల్సింది ఎవరన్న లెక్క కోచ్‌కే తెలుస్తుంది. ఆ లెక్కను హైదరాబాద్ కుర్రాళ్లకు నేర్పి, దేశానికి రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిపెట్టిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన జట్లు ఎలా ఆడాయో, ఎందుకలా ఆడాయో విప్పి చూసే కథనం ఇది.

1962 ఆగస్టు 28. జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ 4-1తో థాయ్‌లాండ్‌ను ఓడించింది. స్కోరు ఘనంగానే ఉంది కానీ ఆ మ్యాచ్‌లో జట్టుకు పెద్ద దెబ్బే తగిలింది. రక్షణకు ఆయువుపట్టు లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అంతకు రెండు రోజుల ముందే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి ఉన్నారు. తెల్లారితే జపాన్‌తో ఆట.

జర్నైల్ లేకుండానే జపాన్‌ను 2-0తో దాటేశారు. సెప్టెంబర్ 1న దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌కు మళ్లీ మైదానంలోకి దిగాడు జర్నైల్. అయితే వెనక, తన పాత చోట నిలబడలేదు. అందరికంటే ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబడ్డాడు.

వినడానికి తెగింపులా ఉంటుంది. లెక్క చూస్తే అర్థమవుతుంది. గోల్ ముందు కాపలా ఉండే స్టాపర్, బంతి గాల్లో వచ్చిన ప్రతిసారీ ఎగిరి తలతో కొట్టక తప్పదు. ఒక్కటి వదిలినా ముప్పే. ఫార్వర్డ్‌కు ఆ నిర్బంధం లేదు. ఏ బంతికి ఎగరాలో, ఏది వదిలేయాలో తనే తేల్చుకోవచ్చు. పైగా అంత ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి గోల్ ముందు తిరుగుతుంటే అవతలి డిఫెండర్లు అతన్ని వదిలి కదల్లేరు. మరి వెనక ఖాళీ అయిన చోటు? అక్కడికి అరుణ్ ఘోష్‌ను జరిపారు. ఆ రోజు భారత్ 3-2తో గెలిచింది. చునీ గోస్వామి రెండు గోల్స్ కొడితే, మూడోది జర్నైల్ కొట్టాడు.

ఈ మార్పు చేసిన మనిషి పేరు దేశంలో చాలామందికి 2024లో అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా వచ్చాక గానీ తెలియలేదు. సినిమా ఆయన పట్టుదలను చూపించింది. ఆయన పనితనం తెలియాలంటే మాత్రం మైదానంలో పదకొండు మందిని ఎలా పరిచారో, ఒక్కొక్కరికీ ఏ పని అప్పజెప్పారో చూడాలి.

చొక్కా నంబర్ల లెక్క

రహీం కోచ్‌గా అడుగుపెట్టే నాటికి ప్రపంచంలో చాలాచోట్ల ఆడుతున్నది ‘డబ్ల్యూ-ఎం’ పద్ధతి. దాని పుట్టుకకు ఒక నిబంధన కారణం. 1925 దాకా దాడిచేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉంటేనే ఆఫ్‌సైడ్ కాదు. ఆ ఏడాది ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. దాంతో గోల్స్ పెరిగిపోయాయి. అప్పుడు లండన్ క్లబ్ ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్, మధ్య మైదానంలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ నిలబెట్టాడు. పైనుంచి చూస్తే ముందున్న ఐదుగురు డబ్ల్యూ అక్షరంలా, వెనకున్న ఐదుగురు ఎం అక్షరంలా కనిపిస్తారు.

ఈ పద్ధతిలో కాపలా పని చొక్కా నంబర్ల ప్రకారం సాగుతుంది. 2, 3 నంబర్ల ఫుల్‌బ్యాక్‌లు అవతలి వింగర్లను చూసుకోవాలి. 4, 6 నంబర్ల హాఫ్‌బ్యాక్‌లు అవతలి 10, 8 నంబర్లను పట్టుకోవాలి. 5వ నంబరు సెంటర్ హాఫ్ అవతలి 9వ నంబరును నీడలా అంటిపెట్టుకోవాలి. ఎవరి మనిషిని వాళ్లు చూసుకుంటే గోల్ భద్రం.

చిక్కల్లా ఒకటే. అవతలి 9వ నంబరు అసలు ముందుకే రాకపోతే?

ఈ ప్రశ్నను హంగరీ వేసింది. 1953 నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌తో ఆడిన మ్యాచ్‌లో హంగరీ 9వ నంబరు ఆటగాడు హిడెగ్‌కుటి ముందుండాల్సినవాడు కాస్తా మధ్య మైదానంలోకి జరిగిపోయాడు. అతన్ని కాయాల్సిన ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్‌కు ఏం చేయాలో పాలుపోలేదు. వెంట వెళితే తను వదిలిన చోట్లోకి హిడెగ్‌కుటి సహచరుడు పుష్కాష్ దూరుతున్నాడు. వెళ్లకపోతే హిడెగ్‌కుటికి అడ్డన్నదే లేదు. మ్యాచ్ 6-3తో ముగిసింది. అందులో మూడు గోల్స్ హిడెగ్‌కుటివే. బ్రిటిష్ దీవుల అవతలి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డపై ఓడడం అదే మొదలు.

హెల్సింకి నేర్పిన పాఠం

ఈ పాఠం రహీంకు మరో రూపంలో ఏడాది ముందే ఎదురైంది. ఆయన కోచ్‌గా భారత్ 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి ఏడాది అదే ఊపులో హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళితే, జులై 15న యుగోస్లావియా 10-1తో చిత్తుగా ఓడించింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన ఏకైక గోల్ అహ్మద్ ఖాన్‌ది. ఆ యుగోస్లావియా జట్టే చివరికి రజతం తెచ్చుకుంది.

ఆ ఓటమి తరవాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. బూట్ల సంగతి అందరికీ కనిపించింది కాబట్టి కథగా మిగిలింది. కనిపించని లోపం మరొకటుంది. కదులుతూ, చోట్లు మార్చుకుంటూ వచ్చే ఐదుగురు ఫార్వర్డ్‌లను ‘ఎవరి మనిషి వాడిదే’ అనే లెక్కతో ఆపడం కుదరదు. హంగరీ ఆటతీరును శ్రద్ధగా గమనించిన రహీం, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి ఆడించే ఎత్తుగడను మన జట్టుకూ తెచ్చారు. వెనక ఇద్దరు స్టాపర్లు, వాళ్లకు అటూఇటూ ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, మధ్యన ఇద్దరు, ముందు నలుగురు. ఈ 4-2-4 అమరికను 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసింది. బ్రెజిల్ కంటే ముందే రహీం ఆ దారి పట్టారని భారత ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

పోలీస్ జట్టు, బడి పాఠం

ఈ ఆలోచనలకు ప్రయోగశాల హైదరాబాదే. 1909 ఆగస్టు 17న పుట్టిన రహీం, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో పంతులుగా చేరారు. తరవాత వ్యాయామ విద్య వైపు మళ్లారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది మొదలు 1954 దాకా ఐదేళ్లూ వరసగా బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే.

ఆయన పెట్టించిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. మరోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. వయసును బట్టి, ఎత్తును బట్టి వేరే పోటీలు. చూసేవాళ్లకు వింత ఆటల్లా ఉన్నా, ఒక్కోదాని వెనక ఒక్కో ఉద్దేశం ఉంది. డ్రిబ్లింగ్ చేయకూడదంటే బంతి అందగానే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే, ఖాళీగా ఎవరున్నారో బంతి రాకముందే చూసి పెట్టుకోవాలి. ఇచ్చినవాడు ఊరికే నిలబడితే తిరిగి అందుకునేవాడు ఉండడు కాబట్టి పరుగెత్తాలి. ఇలా నెలల తరబడి ఆడిన కుర్రాడు తల పైకెత్తి ఆడడానికి అలవాటు పడతాడు. తల పైకెత్తినవాడికే తన మనిషి ఎటు జరిగాడో కనిపిస్తుంది. బలహీనమైన కాలి పోటీ కూడా అంతే. ఎడమ కాలు పనికొస్తేనే కుడి ఫుల్‌బ్యాక్ అవసరం పడ్డప్పుడు ఎడమవైపు ఆడగలడు.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాంను కూడా రహీమే పట్టుకున్నారు. సాధనకు రావడానికి డబ్బుల్లేవని చెప్పిన కుర్రాడికి అద్దె సైకిల్ ఖర్చు ఆయనే ఇచ్చిన సంగతి బలరాం తరవాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. ఆ రోమ్ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఆయన తరవాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియా మీద భారత్ 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీస్‌లో ఎదురైంది నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన యుగోస్లావియా. విరామం దాకా వాళ్లను ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు. విరామం తరవాత ముందుగా గోల్ కొట్టింది కూడా మనమే, మళ్లీ డిసౌజానే. ఆ తరవాత పట్టు తప్పి 1-4తో ఓడారు. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. పతకం రాకపోయినా 10-1కీ 4-1కీ మధ్య నాలుగేళ్ల పని కనిపిస్తుంది. దాదాపు గంటసేపు యూరప్ మేటి జట్టును మనవాళ్లు నిలువరించారు.

ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ అదే అత్యుత్తమ స్థానం. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే.

కార్నర్, కవర్: జుక్కల్ పిల్లలకు తెలిసిన లెక్క

ఇద్దరు స్టాపర్లు ఎందుకు కావాలో కామారెడ్డి జిల్లా జుక్కల్, బిచ్కుంద, మద్నూర్ వైపు పిల్లలకు ఫుట్‌బాల్ బోర్డు గీసి చెప్పనక్కర్లేదు. కబడ్డీ చాలు. ఏడుగురు బరిలో ఉన్నప్పుడు రెండు చివర్లా కార్నర్లు, లోపలికి కవర్లు ఉంటారు. అవతలివాడు కూతకు వచ్చి బోనస్ గీత మీదికి కాలు చాపితే చీలమండ పట్టడం కార్నర్ పని. ఆ పట్టు పడ్డ క్షణంలోనే మధ్య గీత వైపు దారిని ఒంటితో మూసేయడం కవర్ పని. కార్నర్ పట్టాక కవర్ అర క్షణం ఆలస్యమైతే రైడర్ గుంజుకుపోయి గీత తాకుతాడు, పాయింటు పోతుంది. ఇద్దరూ ఒకేసారి కాలి మీదికే పోయినా అంతే, దారి తెరిచే ఉంటుంది. అందుకే ఒకరు పైకి పోతే రెండోవారు దారి కాయాలన్నది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు చెప్పే తొలి పాఠాల్లో ఒకటి.

4-2-4లోని ఇద్దరు స్టాపర్లదీ ఇదే ఒప్పందం. వెనక్కి జరిగిన 9వ నంబరు మీదికి ఒకరు వెళతారు, రెండోవారు ఆ ఖాళీని కాస్తారు. జాన్‌స్టన్‌కు ఆ రోజు వెంబ్లీలో కరవైంది ఆ రెండో మనిషే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆదివారాలు టీవీల్లో చూసే ఫుట్‌బాల్ వేరు. అక్కడ ఈ లెక్క మరీ కచ్చితం. ప్రతి ఎత్తుగడకూ ముందే గీసిన బొమ్మ ఉంటుంది. బంతి కదలకముందే పదకొండు మందికీ తమ పని తెలిసి ఉండాలి. ముందు వరసలో సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు ట్యాకిల్స్ కలిపి ఐదుగురుంటారు. ఎదుటి జట్టులో ఎవరిని ఎటు నెట్టాలో, బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి ఏ సందు తెరవాలో వాళ్లకు చెప్పి ఉంచుతారు. ఒక్కడు తన మనిషిని మరిచిపోతే బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ నేల మీద పడతాడు. రక్షణ పక్షంలోనూ అంతే. కొందరికి మనిషిని అప్పజెబుతారు, కొందరికి చోటును అప్పజెబుతారు.

మన ఫుట్‌బాల్‌లో అలా మనుషులను నెట్టడానికి వీల్లేదు. బంతి ఆడే దూరంలో లేనప్పుడు ప్రత్యర్థి దారికి అడ్డు నిలిస్తే రిఫరీ ఫ్రీ కిక్ ఇస్తాడు. కాబట్టి ఇక్కడ మూయాల్సింది మనిషిని కాదు, బంతి పోయే దారిని. ఎక్కడ నిలబడితే అవతలివాడు పాస్ ఇవ్వడానికి వెనకాడతాడో అక్కడ నిలబడాలి. ఈ కాపలాకు కండబలం కంటే చూపు ముఖ్యం. రహీం డ్రిబ్లింగ్ లేని పోటీలు ఎందుకు పెట్టించారో ఇక్కడ తెలుస్తుంది.

సెనయాన్‌లో లక్ష మంది ఎదుట

మళ్లీ జకార్తాకు వద్దాం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించనందుకు ఆ క్రీడల గుర్తింపును ప్రశ్నించిన భారత అధికారి జి.డి. సోంధీ మాటలతో ఇండోనేషియాలో భారత్ మీద కోపం రగిలింది. 1962 సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో ఫైనల్ నాటికి దాదాపు లక్ష మంది ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా గొంతు చించుకుంటున్నారు. స్టాండ్స్‌లో తమ వైపు అరిచింది పాకిస్థాన్ హాకీ జట్టేనని మన ఆటగాళ్లు తరవాత గుర్తు చేసుకునేవారు.

ప్రత్యర్థి తొమ్మిది రోజుల కిందట 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. రహీం ఆ రోజు దింపిన జట్టు చూడండి. గోల్‌లోకి పొడగరి పీటర్ తంగరాజ్ తిరిగొచ్చాడు. స్టాపర్ స్థానంలో అరుణ్ ఘోష్‌నే కొనసాగించారు. అతని పక్కన చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్. మధ్యన ప్రశాంత సిన్హా, ఫ్రాంకో. ముందు పి.కె. బెనర్జీ, హైదరాబాద్ కుర్రాడు యూసుఫ్ ఖాన్, జర్నైల్, కెప్టెన్ చునీ గోస్వామి, బలరాం. కొరియా మొదటి మ్యాచ్‌లో చూసిన భారత జట్టుకు వెన్నెముక జర్నైల్. ఈ మ్యాచ్‌లో అతను వాళ్ల గోల్ ముందే ఉన్నాడు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకే జర్నైల్ రెండోది కొట్టాడు. అక్కడి నుంచి గంటకు పైగా కాపలా పనే. కొరియా ఒత్తిడి పెంచింది, 85వ నిమిషంలో ఒకటి తిరిగి ఇచ్చింది. చివరి ఐదు నిమిషాలు అరుణ్ ఘోష్, తంగరాజ్ గోల్‌ను కాచుకున్నారు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అది రెండో స్వర్ణం, ఇప్పటిదాకా ఆఖరిది కూడా. ఆ తరవాత 1970లో ఒక కాంస్యం వచ్చింది, అంతే.

1963 జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

లెక్క చెప్పేవాళ్లు లేక

ఒక మనిషితోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆగిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ మళ్లీ ఆ కప్పు తెలుగు నేల ముఖం చూడలేదు. చాలాకాలం తరవాత 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. లీగ్ కప్పు గెలిచిన ఊళ్లో ఆ లీగ్ ఆడే జట్టే లేకుండా పోయింది.

అదే సమయంలో మరో పేరు మన దగ్గర్నుంచే వినిపించింది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు చెందిన గిరిజన అమ్మాయి గుగులోత్ సౌమ్య నిజామాబాద్‌లో ఆట నేర్చుకుని, 2022లో క్రొయేషియా క్లబ్ దినామో జాగ్రెబ్‌కు ఆడింది. తరవాత ఈస్ట్ బెంగాల్‌తో కలిసి 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారం ఆమెదే. జుక్కల్, ఎల్లారెడ్డి, బాన్సువాడ 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లాలోకి వెళ్లకముందు ఆ ఉమ్మడి జిల్లాలోవే.

సౌమ్య ఆడేది వింగర్ చోట. రహీం కాలంలో వింగర్ పని గీత పక్కన పరుగెత్తి క్రాస్ వేయడం, గోల్ కొట్టడం. ఇప్పుడు అంతటితో ఆగదు. బంతి పోయిన మరుక్షణం వెనక్కి పరుగెత్తి తన ఫుల్‌బ్యాక్‌కు తోడు నిలవాలి, లేదంటే ఉన్నచోటే ప్రత్యర్థి డిఫెండర్ పాస్‌కు అడ్డం పడాలి. రెండింటిలో ఏది ఎప్పుడన్నది జట్టంతా ముందే అనుకుని ఉండాలి. ఒకరు ముందుకు, మరొకరు వెనక్కి పోతే మధ్యలో తెరుచుకునే ఖాళీ హిడెగ్‌కుటి నిలబడ్డ ఖాళీ లాంటిదే.

ఈ పాఠానికి గచ్చిబౌలి స్టేడియం అక్కర్లేదు. రహీం పెట్టించిన పోటీలకు కావాల్సినవి బంతి, విజిల్, నేల మీద నాలుగు సున్నపు గీతలు. జుక్కల్ మండలంలో ఏ హైస్కూల్ వ్యాయామ ఉపాధ్యాయుడైనా పదిమంది పిల్లలతో శనివారం సాయంత్రం మొదలుపెట్టవచ్చు. తొలి వారం రెండు తాకుళ్లకు మించి బంతి ఉంచుకోకూడదు. రెండో వారం ఎడమ కాలితోనే ఆడాలి. గోల్ పడిన ప్రతిసారీ ఆట ఆపి, ఓడిన పక్షంలో ఒక్కొక్కరినీ ఆ క్షణంలో నువ్వు ఎవరిని కాస్తున్నావని అడగాలి. మొదట్లో పిల్లలంతా గోల్‌కీపర్ వైపే వేలు చూపిస్తారు. వాళ్లలో ఎవరైనా తను వదిలేసిన ఆటగాడి పేరు తనే చెప్పాక మూడో వారానికి నలుగురు డిఫెండర్లను నిలబెట్టి ఆడించడం మొదలుపెట్టవచ్చు.